బందెలదొడ్డి బస్తాలో మూడో పుస్తకం

నలభై ఏళ్లుగా నేనొక పుస్తకాన్ని మోస్తున్నాను. తూకం వేస్తే కిలోన్నర ఉండదు. అట్ట ఊడిపోయింది, అంచులను పురుగు కొరికింది. దాన్ని నేను దొంగిలించలేదు, ఇంటికి తెచ్చుకోలేదు. ఉండవలసిన గదిలోనే ఉంది, ఉండవలసిన చోట మాత్రం లేదు. ఆ రెండు చోట్ల మధ్య దూరం ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులే నా బరువు.

నలభై ఏళ్లు అన్నాను కదా. చూశారా, మొదటి మాటలోనే పెంచేశాను. సరిగ్గా చెబితే ముప్పై ఆరు. ఉన్నదానికి ఇంత కలపందే నా నాలుక ఊరుకోదు. బాన్సువాడలో నన్ను ఎరిగినవాళ్లకు ఈ సంగతి తెలుసు. నేను హోటల్ బల్ల మీద చేయి ఆనించి గొంతు సవరించుకుంటే చాలు, "ఇగ మొదలైంది, ఇంకో చాయ్ చెప్పుండ్రి" అంటారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే ఇదీ ఒక కథ అనుకుని నవ్వుతారు. నవ్వితే నేనూ నవ్వేస్తాను. అంతటితో నిజం మళ్లీ దాటిపోతుంది.

నేను పనిచేసింది ఊరి ఆఫీసులో, పాత కాగితాల గదిలో. నేను చేరినప్పుడు అది పంచాయతీ. తర్వాత ఊరు పెరిగింది, బోర్డు మారింది, కుర్చీలు మారాయి. ఆ గది మారలేదు. ఒక కిటికీ, నాలుగు చెక్క అరలు, అరల నిండా ఎర్రగుడ్డలో కట్టిన మూటలు. వాటిని బస్తాలు అంటాం. ఒక్కో బస్తాలో ఆరేడు పుస్తకాలు. పుట్టుకలవి, చావులవి, ఇళ్లవి, అంగళ్లవి. చివరికి పొలాల మీద పడ్డ పశువులను పట్టి బందెలదొడ్డిలో కట్టేస్తే, వాటి కొమ్ములు ఎలా ఉన్నాయో రాసిన పుస్తకాలు కూడా.

పాతవన్నీ ఉర్దూలోనే. వాటికి జాబితా అంటూ ఉండేది కాదు. ఏ కాలంలో ఏ గుమాస్తా ఉంటే ఆయన తలకాయే జాబితా. ఒకాయన వాడల వారీగా సర్దాడట. ఆయన పోయాక వచ్చినాయన ఏళ్ల వారీగా మార్చాడు. మూడో ఆయన మరీ ఘనుడు. లావు పుస్తకాలు కింద, సన్నవి పైన పెట్టాడు. అడిగితే "అర వంగకుండ ఉంటది" అన్నాడట. ఏదైనా కావాలంటే రిటైరైన గుమాస్తాను ఇంటి నుంచి పిలిపించేవారు. ఆయన కూడా పోతే ఆ బస్తాలు మూగవైపోయేవి.

అలాంటి గదికి తెలుగులో జాబితా రాసినవాణ్ని నేను. పది వేల పుస్తకాలు! నాగుపాము మీద పడితే బస్తాతోనే కొట్టి, ఆ దుమ్ములో మూడేళ్లు తపస్సు చేసి... వద్దు. పుస్తకాలు నాలుగు వందల పైచిలుకు. పట్టింది పద్నాలుగు నెలలు. పాము కాదు, బస్తాకు కట్టిన తాడు. కానీ జాబితా మాత్రం నిజం. నంబరు చెబితే ఏ పుస్తకం ఏ అరలో ఉందో తేలిపోయేది. ఇప్పటికీ తేలిపోతుంది, ఒక్క పుస్తకం తప్ప.

ఆ గదికి నేనే ఒక కట్టుబాటు పెట్టాను. పుస్తకం తీసినవాడు ఆ ఖాళీలో ఒక చిట్టీ పెట్టాలి. చిట్టీలో నాలుగు సంగతులు రాయాలి: ఏ పుస్తకం, ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ఇప్పుడు ఎక్కడుంది. చిట్టీ పెట్టకుండా తీసినందుకు మా పెద్ద గుమాస్తాతోనే రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఇది పెంచి చెప్పడం కాదు.

ఇక ఉర్దూ సంగతి. మా నాయన ఉర్దూలో చదువుకున్నవాడు. ఆయన పక్కన కూర్చుని నేను అచ్చు అక్షరాలు పట్టుకున్నాను. అంగడి బోర్డు, పెళ్లి పత్రిక నిదానంగా చదువుతాను. పాత గుమాస్తాల చేతిరాత వేరు. పరుగు రాత అది. చుక్కలుండవు, మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. వాన నీటిలో చీమలు కొట్టుకుపోతున్నట్టు ఉంటుంది. అట్టల మీద మాత్రం కుదురుగా రాసేవారు. నేను ఆ అట్టలు చదివి జాబితా రాశాను. లోపల పేజీలు కూడా గడగడా చదువుతానని ఆఫీసంతా అనుకుంది. నేను అనుకోనిచ్చాను. అప్పుడప్పుడు ఒక పేజీ తెరిచి, కళ్లు సగం మూసి, "వాహ్, ఏం రాత" అని తల ఊపేవాణ్ని కూడా.

దసరా వెళ్లిన వారానికి అనుకుంటాను, గమ్లీబాయి వచ్చింది. మా ఊరికి దగ్గర్లోని తండా ఆమెది. ముప్పై అయిదేళ్లుంటాయి. ముంజేతుల నిండా గాజులు, నెత్తి మీద సీతాఫలాల గంప. గంపను గుమ్మం బయట దించి, తాను మాత్రం లోపలికి వచ్చి నిలబడింది.

"సారూ, సచ్చిపోయినోళ్ల పేర్లు రాసే బుక్కు గిక్కడ్నే ఉంటదంట గద?"

"ఎవలు సచ్చిండ్రు?"

"మా యాడి. అమ్మ."

"ఎప్పుడు?"

"నేను పుట్టినప్పుడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అక్కడే నిలబడి చెప్పింది. కాన్పు కష్టమైతే తల్లిని బండి మీద వేసుకుని బాన్సువాడ దవాఖానకు తెచ్చారట. బిడ్డ బతికింది, తల్లి పోయింది. తండ్రి చెరుకు కోతకు వెళ్లి అటే ఇంకో పెళ్లి చేసుకుని, అటే చనిపోయాడు. పెంచిన నాయనమ్మ కోడలి పేరు పలికేది కాదు. మద్నూరు దిక్కు నుంచి వచ్చిన పిల్ల గనుక తండా అంతా ఆమెను "మద్నూరామె" అంది. కాపురం చేసింది ఏడాది. ఆ ఏడాదిలో పేరు అవసరం ఎవరికీ రాలేదు.

"పేరెందుకిప్పుడు?" అన్నాను.

"దీపావళికి మా తండల పోయినోళ్లను పేరు పెట్టి పిలుస్తరు సారూ. నిప్పుల నెయ్యేసి, బెల్లంబువ్వేసి, ఫలానా తాతా రా, ఫలానా అవ్వా రా, తిను అని పిలుస్తరు. అందరు పేర్లు పిలుస్తరు. నేను ఉత్త యాడీ అంట. గంతమంది యాడీలల్ల మా యాడికి ఎట్ల తెలుస్తది, నన్నే పిలుస్తున్నరని?"

నేను జవాబు చెప్పేలోగా మా పెద్ద గుమాస్తా తన కుర్చీలోంచి అందుకున్నాడు. "ఏం ఫికర్ లేదు చెల్లె. సరైన మనిషి తానకే వచ్చినవ్. నవాబు ఇంట్ల పుట్టాల్సినోడు తప్పిపోయి మా ఆఫీసుల పడ్డడు. ఉర్దూ అంటే నీళ్లు తాగినట్టే."

పుస్తకం దొరకడం కష్టం కాలేదు. నా జాబితా అంత మంచిది. ఏడాది సగం ఊడిన అట్ట మీద ఉంది. దవాఖాన పేజీలు విడిగా ఉన్నాయి. ఆమె పుట్టిన ఎండాకాలం దాకా తిప్పాను. ఆ పేజీల్లో తండా పేరు ఒక్క గీతలోనే ఉంది. ఆ మాట అచ్చులో చూసినవాణ్ని గనుక గుర్తుపట్టాను. కింది నుంచి నాలుగో గీత. అదే. తండా పేరు పక్కన ఆమె పేరు. నల్ల సిరా. మూడు నాలుగు వంకరలు, ఒక పొడుగు తోక. ఎంత చూసినా అది పేరు కాలేదు.

వేలు గీత మీద పెట్టాను. గమ్లీబాయి నా వేలి దగ్గరికి వంగింది. పెద్ద గుమాస్తా కలం ఆపి చూస్తున్నాడు. "నాకు రాదు" అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు. ఆ రెండు మాటలకు నాకు అడ్డం వచ్చింది ఏమిటి? సిగ్గా? పొగరా? ఆమె ముఖంలో అప్పుడే వెలుగుతున్న దాన్ని ఆర్పలేకపోయానా? ఈ మూడోది నాకు నేను చెప్పుకునే మాట. దాన్ని మీరు నమ్మకండి.

"సోనీబాయి" అన్నాను.

మా వీధికి కట్టెలు తెచ్చే ఆమె పేరు అది. తండాల పేర్లలో నాకు తెలిసిన నాలుగింటిలో ఒకటి.

"సోనీ" అంది గమ్లీబాయి. మళ్లీ "సోనీ" అంది. చంటిదాన్ని ఎత్తుకుని బరువు చూసినట్టు, ఆ మాటను నోట్లో పెట్టుకుని చూసుకుంది. ఆ గీత మీద తన వేలు పెట్టొచ్చా అని అడిగింది. పెట్టింది. ఏడవలేదు. బయటికి వెళ్లి గంపలోంచి పండిన సీతాఫలాలు ఏరి నా బల్ల నిండా పేర్చింది. "అన్నా, నువ్వు మా యాడిని నాకు ఇచ్చినవ్" అంది. సారు అన్న మనిషి అన్నా అంది.

ఆ సాయంత్రం ఒక సీతాఫలం ఆకును ఆ పేజీలో గుర్తుగా పెట్టాను. జాబితాలో ఆ పుస్తకం ఎదురుగా, వివరాల గడిలో, తెలుగులో రాశాను: "సోనీబాయి, తండా, దవాఖానలో మరణం." ఎందుకు రాశాను? ఎవరూ అడగలేదే. నోటితో అన్న అబద్ధం గాలికి పోతుందని భయమేసిందేమో. రాస్తే కూర్చుంటుంది. కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ఏటా దసరా దాటిన వారంలో గమ్లీబాయి వచ్చేది. నాకు పండగ అదే అయింది. ఎండలు తగ్గి సీతాఫలాలు బజారుకు దిగాయంటే నా చెవి గుమ్మం మీదే ఉండేది. ఆ గాజుల చప్పుడు, గంప దించేటప్పుడు ఆమె పెట్టే "హుమ్మ్" అనే మూలుగు. "పిలిచిన అన్నా, వచ్చింది. నెయ్యి ఎయ్యంగనే మంట ఇంత ఎత్తు లేసింది" అని చేయి ఎత్తి చూపేది. నేను వినేవాణ్ని. నా మాటలు విని ఊరంతా నవ్వుతుంది. ఇంట్లో వాళ్లూ నవ్వుతారు. నేను చెప్పిన ఒక మాటను చివరిదాకా నమ్మింది ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆ మాటే అబద్ధం. మిగతావాళ్లకు ఎన్ని నిజాలు చెప్పలేదు నేను? వాటిలో ఒక్కటీ ఎవరూ అలా దాచుకోలేదు.

నాలుగేళ్లు గడిచాయి. రిటైరైన ఉర్దూ మాస్టరు ఒకాయన తన తాత ఇంటి కాగితం కోసం వచ్చాడు. బక్కపలచని మనిషి, జేబులో భూతద్దం. ఎంత కష్టమైన పేజీ అయినా పేపరు చదివినట్టు చదువుతున్నాడు. నేను ఆగలేకపోయాను. లేక, నాలుగేళ్లుగా ఆయన కోసమే ఆగానేమో. ఏమీ పట్టనట్టు ఆ పుస్తకం తెరిచి, ఆకు ఉన్న పేజీలో వేలు పెట్టి, "మాస్టర్ సాబ్, గిది జర సూడుండ్రి, మీరెట్ల చదువుతరో" అన్నాను, పరీక్ష పెడుతున్నవాడిలా.

ఆయన భూతద్దం కూడా తీయలేదు. "థావ్రీబాయి. ఉమర్ పదిహేడు. కాన్పుల పోయింది పాపం. బిడ్డ సలామత్ అని గుడ రాసిండు."

పదిహేడేళ్లు. బిడ్డ క్షేమం అని కూడా రాశాడు ఆ గుమాస్తా. రాయవలసిన గడి లేకపోయినా, పక్కన ఖాళీ చూసుకుని రాశాడు. ఆయనకు ఆ పిల్ల మీద ఉన్న దయ నాకు లేకపోయింది.

ఆ ఏడు సీతాఫలాల కాలానికి చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు. ఆమె వచ్చింది. గంప దించింది. నేను గొంతు సవరించుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఇది:

"గమ్లీ, మీ వోళ్లల్ల థావ్రీ అని పేరుంటదా?"

"ఉంటది అన్నా. థావర్ అంటే శనివారం. శనివారం పుట్టిన పిల్లకు పెడ్తరు. ఎందుకు?"

"ఊకెనే."

"మా తండల గా పేరు ఎవలకు లేదు" అంది, ఒక పండు విప్పి సగం నా చేతిలో పెడుతూ. అంతే. తల్లి పేరు తన నోటితోనే అంది. ఆ పేరు ఆమెను తాకి, పక్కనుంచి వెళ్లిపోయింది. నేను పండు తిన్నాను. గింజలు ఊశాను. మనిషి ఇంత తేలిగ్గా ఎలా ఉండగలడు అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదా? అనిపించింది. అయినా తిన్నాను.

ఆ సాయంత్రమే, తాళం వేసే ముందు, ఆ పుస్తకాన్ని దాని బస్తాలోంచి తీసి ఎదుటి గోడ అరలో, బందెలదొడ్డి బస్తాలో దోపాను. కాగితాల గదిలో పుస్తకాన్ని చంపడానికి నిప్పు అక్కర్లేదు. ఒక అర పక్కకు పెడితే చాలు. పశువుల పుస్తకాలు ఎవరూ అడగరు. బందెలదొడ్డే పోయి ఎన్నాళ్లయింది! థావ్రీబాయిని తప్పిపోయిన బర్రెల మధ్య, విరిగిన కొమ్ముల లెక్కల మధ్య కట్టేసి వచ్చాను. ఖాళీలో చిట్టీ పెట్టలేదు. నా కట్టుబాటును నేనే తప్పింది ఆ ఒక్కసారే.

ఇన్నేళ్లూ ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. అదే బాధ. నేను రిటైరయ్యాను. ఇంటికీ సీతాఫలాలు వచ్చేవి. ఆమెకు మోకాళ్లు పట్టేశాక మనిషి చేత పంపేది. ఇప్పుడు ఆమె కూడా డెబ్బై దాటింది. చూపు తగ్గింది. మనవరాలు పుడితే ఆమే పేరు పెట్టింది. ఏం పేరో మీకు చెప్పక్కర్లేదు.

ఆ సోనీ ఇప్పుడు అదే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. పాత పుస్తకాలన్నీ పేజీ పేజీకీ ఫొటో తీసి లోపల పెడుతున్నారు. ఉర్దూవి చదవడానికి ఒక టీచరమ్మ వారానికి రెండు రోజులు వస్తోంది. జాబితా మాత్రం నాదే. నా చేతిరాతే తెర మీద కనిపిస్తుందట. పోయిన వారం సోనీ మా ఇంటికి వచ్చింది.

"తాతా, నీ లిస్టుల ఉన్న బుక్కు ఒక్కటి అరల లేదు."

"గన్ని బుక్కులల్ల ఒక్కటి ఏడికో పోతది బిడ్డా."

"నువ్వు రాసినంక ఏడికి పోతది? సార్లందరు అంటరు, తాత లిస్టు అంటే లిస్టే అని" అంది, నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "గది నా పేరున్న బుక్కు తాతా. గా లైన్ ఫొటో తీస్కపోయి దీపావళికి అవ్వకు చూపిస్త అన్న. ఫోన్ల పెద్దగ చేస్తే కండ్లకు కనిపిస్తది గద. ఎదురుచూస్తుంది" అంది.

"ఎతుకుదాం" అన్నాను.

అప్పటి నుంచి నిద్ర లేదు అని రాయబోయాను. పెంచడమే అవుతుంది. నిద్ర పడుతోంది. మెలకువ వచ్చినప్పుడే బాగాలేదు. చెదలు తిన్నాయి అంటే ఆ పిల్ల నమ్ముతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వాళ్ల ఇంట్లో నా మాటను నమ్మడం మూడో తరానికి దిగింది.

మొన్న బస్సెక్కి తండాకు వెళ్లాను, ఎదురుగానే చెబుదామని. గమ్లీబాయి మంచం మీద నుంచే నా అడుగు గుర్తుపట్టింది. "అన్నా, ఇగ నాకెన్ని దీపావళులు ఉన్నయో. రెండా, మూడా? నేను పోయినంక మా యాడిని ఎవలు పిలుస్తరు అని ఫికర్ ఉండె. సోనీ పిలుస్తదంట" అంది. ఆమె చేయి నా చేతిని పట్టుకుని ఉంది. ఆఖరి బస్సు ఉందని లేచి వచ్చాను. ఆఖరి బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

ముప్పై ఆరు దీపావళులు. ముప్పై ఆరు సార్లు ఆ పదిహేడేళ్ల పిల్ల ఎక్కడో నిలబడి వినుంటుందా, తన కూతురు గొంతెత్తి వేరెవరినో పిలవడం? ఇలాంటివి నేను నమ్మను. నమ్మకపోయినా ఈ ప్రశ్న మాత్రం పోదు.

నేను క్షమించమని అడగడం లేదు. అడిగితే గమ్లీబాయి క్షమిస్తుంది, ఒక పండు కూడా ఇస్తుంది. అది నాకు వద్దు. ఆమెకు చెప్పగలనన్న నమ్మకం నా మీద నాకు లేదు. నోరు తెరిస్తే మళ్లీ ఏదో కలుపుతుంది. కాగితం మీద కొట్టేసి దిద్దుకోవచ్చు. అందుకే రాశాను. ఎవరో తెలియని మీకని మొదలుపెట్టినా, రేపు ఆఫీసు తెరవగానే దీన్ని సోనీ బల్ల మీద పెట్టి వస్తాను. ఇన్నేళ్లుగా ఆ ఖాళీలో పెట్టాల్సిన చిట్టీ ఇదే. కొంచెం పొడుగైంది.

పుస్తకం: ఉర్దూ చావుల పుస్తకం, దవాఖాన పేజీలు ఉన్నది.

తీసినవాడు: ఈ జాబితా రాసినవాడు.

ఎందుకు: తనకు చదవడం రాదని తెలియకూడదని.

ఇప్పుడు ఉన్న చోటు: ఎదుటి గోడ అర, బందెలదొడ్డి బస్తా, పై నుంచి మూడో పుస్తకం. అట్ట లేదు. ఎండిన సీతాఫలం ఆకు ఉన్న పేజీ, కింది నుంచి నాలుగో గీత.

సోనీ, ఆ గీతను నా మాట మీద నమ్మకు బిడ్డా. టీచరమ్మతో చదివించు. ఆమె చదివాకే మీ అవ్వకు చెప్పు. థావ్రీబాయి. పదిహేడేళ్లు. శనివారం పుట్టింది. పక్కన చిన్న అక్షరాలతో, బిడ్డ క్షేమం అని ఉంటుంది. అది కూడా చదివి వినిపించు.